తుర్కానా ఫీల్డ్ స్కూల్‌కి వెళ్లొచ్చినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

#1 · పిడుగురాళ్ల_పిల్ల
అందరికీ నమస్తే. ఆంత్రోపాలజీ ఎమ్మెస్సీ చదువుతున్నాను. కెన్యాలో తుర్కానా సరస్సు దగ్గర మానవ పరిణామం మీద నడిచే ఫీల్డ్ స్కూల్‌లో సీటొచ్చింది. ఫీజులో కొంత వాళ్లే తగ్గించారు, మిగతాది సర్దుతానని నాన్న అన్నారు. అమ్మ మాత్రం ఆఫ్రికా అనగానే అన్నం మానేసినంత పని చేసింది. నెట్‌లో చూస్తే అన్నీ నవ్వుతున్న ఫొటోలే. అక్కడ రోజు ఎలా గడుస్తుంది, స్నానం సంగతేంటి, నిజంగా పని నేర్పుతారా, ఇవేవీ ఎవరూ రాయడం లేదు. తెలిసినవాళ్లు కాస్త చెప్పండి. ఇంకోటి, నేను శాకాహారిని. నవ్వొద్దు.

#2 · గోదారిగాలి
శాకాహారి, రాతి గొడ్డళ్లు, ఎడారి. సారీ అండీ, కొంచెం నవ్వాను. సీరియస్ జవాబులు వెనకాల వస్తాయి.

#3 · ఎర్రమట్టి
నేను వెళ్లొచ్చాను. సరస్సుకి పడమటి ఒడ్డున, తుర్క్‌వెల్ నది పక్కన ఉన్న స్థావరానికి. మాది అనంతపురం, ఇప్పుడు అమెరికాలో పీహెచ్‌డీ. ఎండ నాకు కొత్త కాదు. కొత్తగా అనిపించింది గాలి. రాత్రి మొదలైతే పొద్దున దాకా వీస్తూనే ఉంటుంది. తూర్పు ఒడ్డున ఇంకా ఎక్కువట. ఆ గాలిని నమ్ముకునే సరస్సుకి దక్షిణాన 365 గాలిమరలు పాతి 310 మెగావాట్ల కరెంటు తీస్తున్నారు. టెంటులో పడుకుంటే ఆ లెక్క నిజమేనని తెలుస్తుంది.

రోజు ఇలా ఉంటుంది. చీకటి ఉండగానే లేస్తారు. టీ, చపాతీ. ఇంకా చల్లగా ఉండగానే లాండ్ క్రూజర్‌లో బయల్దేరాలి. దారి అని వేరే ఉండదు, ఎండిపోయిన వాగే దారి. దాన్ని అక్కడ లగ్గా అంటారు. ఇసుకలో బండి కూరుకుపోతే అందరూ దిగి తోయాలి, ఈ సబ్జెక్టుకి మార్కులుండవు. పది దాటితే రాళ్లు కాలుతుంటాయి, మధ్యాహ్నానికల్లా వెనక్కి వచ్చేస్తారు. భోజనం అయ్యాక ఓ కునుకు, తర్వాత ల్యాబ్. తెచ్చినవి కడగడం, నంబర్లు వేయడం, వేరుచేయడం. రాత్రి భోజనానికి ముందో తర్వాతో లెక్చరు. అది వింటూ నిద్రపోనివాళ్లని నేను చూడలేదు.

సెమిస్టరు మొత్తానికి వెళ్తే ఐదు భాగాలుంటాయి: ఆ ప్రాంతపు ప్రకృతి, భూగర్భశాస్త్రం, జంతు శిలాజాలు, మానవ పరిణామం, పురావస్తు శాస్త్రం. ఒక్కోదానికి ఒక్కో ప్రొఫెసర్ వస్తాడు, పరీక్ష పెట్టి వెళ్లిపోతాడు. అంటే ఒక ప్రొఫెసర్ పద్ధతికి మనం అలవాటు పడేసరికి ఇంకొకరు దిగుతారు.

శిలాజాల సర్వే గురించి కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే మీరు వెళ్లేది దానికే. అందరినీ చేతులు చాపితే అందేంత దూరంలో వరసగా నిలబెడతారు. తల దించుకుని, నెమ్మదిగా, ఒకేసారి నడవాలి. పొద్దున ఎండ ఏటవాలుగా పడుతుంటే ప్రతి రాయికీ నీడ ఉంటుంది, ప్రతి రాయీ ఎముకలాగే కనిపిస్తుంది. మొదట్లో ఏది చూపించినా మాస్టారు "రాయి" అనేవారు. కొన్నాళ్లకి కన్ను పడుతుంది. తాబేలు డిప్ప ముక్కకి రెండు వైపులా నున్నటి పొర, మధ్యలో స్పాంజి. మొసలి వీపు పెచ్చుల మీద గుంటలు గుంటలు. క్యాట్‌ఫిష్ తలపెచ్చు మీద గరుకు చుక్కలు. నీటిగుర్రం పన్ను ముక్క ఎక్కడైనా దొరుకుతుంది. అది దొరికిందని ఎవరూ చప్పట్లు కొట్టరు.

ఎముకో రాయో తేలకపోతే నాలుకకి ఆనించి చూడటం ఒక పద్ధతి. శిలాజమైన ఎముకలో సన్నటి రంధ్రాలుంటాయి, తడిని పీల్చేసి నాలుకకి అతుక్కుంటుంది. రాయి అతుక్కోదు. శుభ్రత సంగతి అమ్మకి చెప్పొద్దు.

#4 · వాదన_వీరుడు
లక్షలు పోసి అంత దూరం వెళ్లి నీటిగుర్రం పళ్లు నాకడం. చాలా బాగుంది. ఈ డబ్బుతో ఏ డేటా సైన్స్ కోర్సో చేస్తే నెలకింత జీతమైనా వస్తుంది. పోనీ ఆసక్తే అనుకుందాం, మన దేశంలో లేవా రాతియుగం చోట్లు? చెన్నై పక్కనే అత్తిరంపాక్కం ఉంది, బస్సులో వెళ్లిరావచ్చు.

#5 · బేతంచెర్ల_బాబు
వీరుడు గారూ, చోట్లు లేవని ఎవరన్నారు. అత్తిరంపాక్కంలో రాతి పనిముట్లు 15 లక్షల ఏళ్ల నాటివని 2011లో తేల్చారు. మా కర్నూలు వైపు బిల్లసర్గం గుహల్ని 1880ల్లోనే రాబర్ట్ బ్రూస్ ఫుట్ తన కొడుకుతో కలిసి తవ్వించాడు. పనిముట్లకి మన దగ్గర కొదవ లేదు. చేసినవాళ్ల ఎముకలే దొరకలేదు. పాత రాతియుగపు మనిషి పుర్రె అని చెప్పుకోడానికి ఉన్నది 1982లో నర్మద ఒడ్డున హత్నోరాలో దొరికిన ముక్క, అంతే. తుర్కానాలో అలా కాదు. సుమారు 40 లక్షల ఏళ్ల పొడుగునా ఎముకలు, పనిముట్లు, మధ్యమధ్యలో వయసు చెప్పే అగ్నిపర్వతపు బూడిద పొరలు, అన్నీ ఒకే లోయలో. పిల్ల నేర్చుకోవలసింది ఈ మూడింటినీ కలిపి చదవడం. అది ఒకే చోట దొరికే ప్రాంతాలు ప్రపంచంలో తక్కువ.

నేను జియాలజిస్టుని. నన్నడిగితే అక్కడ అసలు పాఠం బూడిదే. ఇథియోపియా ఎత్తుల్లో అగ్నిపర్వతాలు పేలినప్పుడు ఆ బూడిద నదుల్లో కొట్టుకొచ్చి ఈ లోయలో పరుచుకుంది. దాన్ని టఫ్ అంటారు. ప్రతి పేలుడు బూడిదకీ రసాయన లక్షణం వేరు. అందుకే సరస్సుకి ఈ ఒడ్డున ఉన్న పొరా ఆ ఒడ్డున ఉన్న పొరా ఒకటేనా అని పోల్చి చెప్పగలరు. అందులోని ఫెల్డ్‌స్పార్ పలుకుల్లో పొటాషియం కాలక్రమంలో ఆర్గాన్‌గా మారుతుంది. ఎంత మారిందో కొలిస్తే వయసు తెలుస్తుంది. ఎముకకి నేరుగా వయసు కట్టరు. దాని పైన ఏ టఫ్ ఉంది, కింద ఏది ఉంది అని చూసి ఆ మధ్య కాలం అంటారు. కాబట్టి పొర తప్పు చదివితే మనిషి వయసే మారిపోతుంది.

అలాగే జరిగింది కూడా. 1969లో కే బెహ్రెన్స్‌మేయర్ అనే అమ్మాయి, అప్పటికింకా విద్యార్థినే, తూర్పు ఒడ్డున ఒక టఫ్‌లో రాతి పనిముట్లు కనిపెట్టింది. ఆ చోటుకి ఆమె పేరు పెట్టారు, పొరకి కేబీఎస్ టఫ్ అని పేరు స్థిరపడింది. దాని వయసు 26 లక్షల ఏళ్లని మొదట కొలిచారు. 1972లో దాని కిందినుంచి 1470 అనే పేరున్న పుర్రె దొరికింది. కెన్యా జట్టులోని బెర్నార్డ్ న్గెనెయో కంటపడింది. అంత పాతకాలంలో అంత పెద్ద మెదడా అని లోకమంతా అల్లాడింది. అయితే పందులు ఒప్పుకోలేదు. ఇథియోపియాలో ఓమో నది పక్కన వయసు బాగా తెలిసిన పొరల్లో ఏ కాలంలో ఏ రకం పంది పళ్లున్నాయో లెక్క ఉంది. ఆ పళ్లతో పోలిస్తే కూబీ ఫోరా పొర, అంటే తూర్పు ఒడ్డున ఈ పుర్రె దొరికిన ప్రాంతపు పొర, అంత పాతది కావడానికి వీల్లేదు. ఏళ్ల తరబడి వాదన నడిచింది. చివరికి మళ్లీ కొలిస్తే దాదాపు 19 లక్షలకి దిగింది. పందులే గెలిచాయి.

#6 · గోదారిగాలి
పంది పళ్లతో ప్రొఫెసర్ల నోళ్లు మూయించడం. ఇది మా స్కూల్లో చెప్పుంటే సైన్స్ తీసుకునేవాణ్ణి.

#7 · వాదన_వీరుడు
కథ బాగుంది బాబు గారూ. ఉద్యోగం మాట మాత్రం ఎవరూ ఎత్తడం లేదు.

#8 · బేతంచెర్ల_బాబు
ఎత్తుతాను. ఈ రంగంలో మన దగ్గర కొలువులు తక్కువ, అది నిజం. పురావస్తు శాఖలు, పుణె డెక్కన్ కాలేజీ లాంటి చోట్లు, మ్యూజియాలు, లెక్చరర్ పోస్టులు. పీహెచ్‌డీకి బయటికి వెళ్లాలంటే మాత్రం ఫీల్డులో పనిచేసినట్టు ఎవరో ఒకరు ఉత్తరం రాయాలి. ఆ ఉత్తరం ఇలాంటి చోటే దొరుకుతుంది. ఇంతకుమించి హామీ ఇవ్వను.

#9 · నైరోబీ_వదిన
అమ్మాయీ, నేను నైరోబీలో ఉంటాను, మా ఆయన ఉద్యోగరీత్యా వచ్చి ఇక్కడే స్థిరపడ్డాం. మీ అమ్మగారికి ముందు ఈ మాట చెప్పు: ఇక్కడ మనవాళ్లు చాలామందే ఉన్నారు. పార్క్‌లాండ్స్‌లో డైమండ్ ప్లాజాకి వెళ్తే కందిపప్పు, చింతపండు, ఇంగువ అన్నీ దొరుకుతాయి. టైము ఇండియాకి రెండున్నర గంటలు వెనక. రాత్రి భోజనాలయ్యాక నువ్వు ఫోన్ చేసేసరికి మీ అమ్మ పడుకునే వేళ అవుతుంది, అందుకని పొద్దున్నే చెయ్యడం మంచిది.

తిండి సంగతి. ఇక్కడ ముద్ద ఉగాలి, అంటే మొక్కజొన్న పిండితో చేసిన సంగటి అనుకో. దాంతో సుకుమా వికీ అనే ఆకుకూర వేపుడు, బీన్స్, గితేరి అని మొక్కజొన్న గింజలు బీన్స్ కలిపి ఉడికించింది. చపాతీ మన పరాటాలా పొరలుగా నూనెతో ఉంటుంది. టీ పాలు పోసే కాస్తారు. శాకాహారికి కడుపు మాడదు. మాడేది నాలుకే. కందిపొడి, ఏదైనా సీల్ వేసిన పచ్చడి తెచ్చుకో.

వీసా బదులు ఇప్పుడు ఈటీఏ, అంటే బయల్దేరేముందే తీసుకునే ప్రయాణ అనుమతి, 2024 జనవరి నుంచి అంతా ఆన్‌లైనే. ఎవరో ఏజెంటు చేసిపెడతానంటే నమ్మకు, సర్కారు సైటులోనే చేసుకోవచ్చు. డబ్బుకి ఎంపెసా. చిన్న కొట్టు దగ్గర కూడా ఫోన్‌తోనే ఇస్తాం. తుర్కానా వైపు పెద్ద ఊరు లొద్వార్, అక్కడిదాకా సిగ్నల్ బాగానే ఉంటుంది, లోపలికి పోతే దేవుడి దయ.

#10 · పిడుగురాళ్ల_పిల్ల
వదినగారూ, ఎర్రమట్టి అక్కా, బాబు గారూ, చాలా థ్యాంక్స్. కందిపొడి మాట వినగానే అమ్మ సగం కుదుటపడింది. ఎల్లో ఫీవర్ టీకా తప్పనిసరా? ఇక్కడ ఒక్కొక్కరు ఒక్కోలా చెప్తున్నారు.

#11 · డా_కషాయం
తప్పనిసరి అనుకునే వెళ్లండి. కెన్యాలో దిగడానికి మిమ్మల్ని అడక్కపోవచ్చు, తిరిగి ఇండియాలో దిగేటప్పుడు అడుగుతారు. టీకా వేసుకున్నట్టు ఇచ్చే పసుపు కార్డు లేకపోతే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టే అధికారం వాళ్లకుంది. టీకా వేయించుకున్నాక 10 రోజులకి గానీ సర్టిఫికెట్ చెల్లదు. ఒకసారి వేయించుకుంటే జీవితాంతం చెల్లుతుంది, 2016 నుంచి ఆ నియమం ఉంది. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. ఏ రోజుల్లో వేస్తారో ముందే కనుక్కుని వెళ్లండి.

మలేరియాకి ఏ మాత్ర అనేది మీ డాక్టరు నిర్ణయించాలి. చాలామంది విద్యార్థులకి డాక్సీసైక్లిన్ రాస్తారు. అది వెళ్లడానికి ఒకట్రెండు రోజుల ముందు మొదలుపెట్టి వచ్చాక నాలుగు వారాలు వాడాలి. ఇంటికొచ్చేశాం కదా అని మధ్యలో మానేస్తారు, అక్కడే దెబ్బతింటారు. ఇంకో సంగతి, డాక్సీ వేసుకుంటే కొందరికి ఎండకి చర్మం త్వరగా కమిలిపోతుంది. పొడుగు చేతుల చొక్కా, టోపీ తప్పవు.

#12 · ఎర్రమట్టి
టోపీకి గడ్డం కింద తాడు ఉండాలి. గాలి గురించి ముందే చెప్పాను.

బూట్ల అడుగు మందంగా ఉండాలి. లొద్వార్‌లో దిగగానే నాకు మొదట కనిపించిన చెట్టు మన సర్కారు తుమ్మ! అచ్చంగా అదే, ప్రోసోపిస్ జూలిఫ్లోరా. అమెరికా ఖండాల చెట్టు, ఎడారి ఆపుతుందని తెచ్చి నాటారట, ఇప్పుడు నది ఒడ్డంతా ఆక్రమించింది. మేకల కాపర్లు దాన్ని తిట్టే తిట్లు విని మా ఊరు గుర్తొచ్చింది. ఆ ముల్లూ, అక్కడి తుమ్మముల్లూ రెండూ మామూలు చెప్పుల్లోంచి దిగిపోతాయి.

పొద్దున బూట్లు దులపకుండా కాళ్లు పెట్టొద్దు. యూవీ టార్చి ఒకటి కొనుక్కో. రాత్రి టెంటు చుట్టూ వేస్తే తేళ్లు పచ్చగా వెలుగుతాయి. మొదటి రాత్రి అది చూశాక చాలామంది ఎక్కడికీ కదల్లేదు, తర్వాత అదే కాలక్షేపమైపోయింది. సరస్సులో ఈత మాట ఎత్తొద్దు, నైలు మొసళ్లు బోలెడు.

స్నానం: స్థావరంలో ఉన్నప్పుడు షవర్ ఉంటుంది. దూరంగా క్యాంపు వేసినప్పుడు బకెట్టులో సగం. మా బ్యాచ్‌లో అసలు గొడవలన్నీ నీళ్ల దగ్గరే జరిగాయి. ఒకమ్మాయి తల రుద్దుకోడానికి రెండో బకెట్ వాడిందని ఇద్దరు మాట్లాడుకోవడం మానేశారు. ఆ ఇద్దరినీ మర్నాడు ఒకే గోతిలో, ఎదురెదురుగా, బ్రష్షులిచ్చి కూర్చోబెట్టారు మాస్టారు. ఆడపిల్లవి కాబట్టి చెప్తున్నాను, నెలసరికి కావలసినవన్నీ ఇక్కణ్ణుంచే ఎక్కువగా తీసుకెళ్లు, వాడినవి పడేయడానికి కవర్లతో సహా. అక్కడ అడగడానికి మొహమాటపడి ఇబ్బంది పడ్డవాళ్లున్నారు.

#13 · గోదారిగాలి
మేక సంగతి చెప్పండి. ఫీల్డ్ స్కూల్లో రాతి పనిముట్లతో మేకని కోయిస్తారని ఎక్కడో విన్నాను. శాకాహారుల పరిస్థితేంటి?

#14 · ఎర్రమట్టి
నిజమే, కోయిస్తారు. అయితే చంపడం విద్యార్థుల పని కాదు. పక్క ఊళ్లో మేకని కొంటారు, వాళ్ల పద్ధతిలో వాళ్లే కోస్తారు. ఆ తర్వాత చర్మం ఒలవడం, కీళ్లు విడదీయడం మనం చేసిన రాతిపెచ్చులతో.

దానికి ముందు రాళ్లు కొట్టడం నేర్పుతారు. కళ్లజోడు, తోలు గ్లవ్స్ తప్పనిసరి. ఒక చేత్తో బసాల్టు గుండు, ఇంకో చేత్తో కొట్టే రాయి. బలంగా కొడితే పెచ్చు వస్తుందనుకుంటాం. రాదు. అంచు దగ్గర, కోణం చూసుకుని, కాస్త లోపలికి కొట్టాలి. సరిగ్గా తగిలితే టక్ అని శబ్దమే మారిపోతుంది, పల్చటి పెచ్చు అరచేతిలోకి రాలుతుంది. కొత్త బ్లేడంత పదునుంటుంది. మేక చర్మం మీద పెట్టి లాగితే గీత పడిపోతుంది. కాసేపటికి కొవ్వంటుకుని జారుతుంది, అంచు మొద్దుబారుతుంది, పారేసి ఇంకోటి తీసుకుంటాం. 18 లక్షల ఏళ్ల నాటి చోట్లలో అన్నన్ని పెచ్చులు ఎందుకు పడున్నాయో ఆ మధ్యాహ్నం నాకర్థమైంది. తర్వాత ఎముకలు కడిగి వాటి మీద పడ్డ గాట్లు భూతద్దంలో చూస్తాం. రాతి గాటు ఇంగ్లిష్ 'వి' ఆకారంలో ఉంటుంది, అడుగున సన్న గీతలుంటాయి. జంతువు పంటి గుర్తు వెడల్పుగా, గుండ్రంగా ఉంటుంది. తవ్వకంలో దొరికిన ఎముక మీద ఆ తేడా చూసే మనిషి తిన్నాడా మృగం తిన్నదా అని చెప్తారు.

శాకాహారులకి బలవంతం ఏమీ లేదు. మా బ్యాచ్‌లో ఒకమ్మాయి దూరంగా కూర్చుని ఎవరు ఏ పెచ్చుతో ఎంతసేపు కోశారో రాసింది. ఆమె నోట్సుకే ఎక్కువ మార్కులొచ్చాయి.

#15 · పిడుగురాళ్ల_పిల్ల
అయితే నేనూ పెన్సిలే పట్టుకుంటా.

#16 · ఊరిచివర
అందరూ బాగుందని చెప్తున్నారు కాబట్టి రెండో వైపు కూడా వినండి. మా తమ్ముడు ఆఫ్రికాలోనే వేరే దేశంలో ఒక ఫీల్డ్ స్కూల్‌కి వెళ్లాడు. పేరు చెప్పను. వెబ్‌సైటులో నలుగురు ప్రొఫెసర్ల ఫొటోలున్నాయి, అక్కడ కనిపించింది ఒకే ఒక్క రీసెర్చ్ స్కాలరు. పొద్దస్తమానం మట్టి జల్లించడమే. అది ఏ పొరదో, ఎందుకు జల్లిస్తున్నారో చెప్పేవాళ్లు లేరు. ఫీజు కట్టి కూలికి వెళ్లినట్టయింది. కాబట్టి డబ్బు కట్టేముందు అడగండి: ఎంతమంది విద్యార్థులకి ఎంతమంది నేర్పేవాళ్లు? క్రెడిట్లు ఏ యూనివర్సిటీ ఇస్తుంది? పోయినేడు వెళ్లిన విద్యార్థి నంబరు ఇస్తారా? ఈ మూడో ప్రశ్నకి నసిగితే మానేయండి.

#17 · ఎర్రమట్టి
ఊరిచివర గారి మాట నూటికి నూరుపాళ్లు నిజం. నాలుగో ప్రశ్న నేను కలుపుతాను. వేధింపుల మీద రాతపూర్వకమైన నియమాలున్నాయా, ఫిర్యాదు చేయాలంటే క్యాంపు డైరెక్టరు కాకుండా ఇంకెవరైనా ఉన్నారా? ఇది ఊరికే భయపెట్టడానికి కాదు. 2014లో ఫీల్డులో పనిచేసే శాస్త్రవేత్తల, విద్యార్థుల మీద చేసిన సర్వేలో జవాబిచ్చిన 666 మందిలో 64 శాతం మంది లైంగిక వేధింపులు ఎదుర్కొన్నామన్నారు. ఎక్కువగా బాధపడ్డది విద్యార్థులే. ఆ తర్వాతే చాలా చోట్ల నియమాలు రాసుకున్నారు. మంచి చోట ఈ ప్రశ్న అడిగితే కోపం రాదు, కాగితం పంపిస్తారు.

ఇన్సూరెన్సులో విమానంలో తరలించే ఖర్చు ఉందో లేదో చూసుకో. అక్కడ పెద్ద జబ్బు చేస్తే ఆమ్రెఫ్ ఫ్లయింగ్ డాక్టర్స్ వాళ్ల చిన్న విమానం వచ్చి నైరోబీకి తీసుకెళ్లాలి. వేరే దారి లేదు.

#18 · నైరోబీ_వదిన
నైరోబీలో ఏం కావాలన్నా నాకు ప్రైవేట్ మెసేజ్ పెట్టు అమ్మాయీ. దిగిన రోజు మా ఇంటికి వచ్చి అన్నం తిని వెళ్లు. అమ్మగారితో నేను మాట్లాడతాను.

#19 · వాదన_వీరుడు
నాకు ఇంకో అనుమానం. ఈ ఫీల్డ్ స్కూళ్లన్నీ తెల్లవాళ్ల యూనివర్సిటీలు నడిపేవే కదా. కెన్యా నేల, కెన్యా ఎముకలు, పేరేమో ఇంకెవరికో. మనం కూడా వెళ్లి ఆ వరసలో నిలబడటమెందుకు?

#20 · ఎర్రమట్టి
ఈసారి వీరుడు గారు సరైన చోట పట్టుకున్నారు. చాలాకాలం అలాగే నడిచింది. తుర్కానా బాలుడి పేరు వినుంటారు. దాదాపు 15 లక్షల ఏళ్ల నాటి హోమో ఎరెక్టస్ అనే పాత మానవ జాతి కుర్రాడు, ఒకే ఒంటివి 108 ఎముకలు దొరికాయి. 1984లో నారియోకొటోమేలో దాన్ని మొదట చూసింది కమోయా కిమేయు. జట్టంతా సెలవు తీసుకున్న రోజున ఈయన వాగు దాటి అటు నడిచి వెళ్తే గులకరాళ్ల మధ్య పుర్రె పెచ్చు ఒకటి కంటపడింది. అగ్గిపెట్టెకి కాస్త అటూఇటూ ఉండే ముక్క, రాళ్ల రంగులోనే ఉంది. ఆయన పెద్ద చదువులు చదవలేదు, 1985లో అమెరికా అధ్యక్షుడి చేతుల మీదుగా నేషనల్ జాగ్రఫిక్ మెడల్ అందుకున్నాడు. రెండు శిలాజ జాతులకి ఆయన పేరుంది. 2022లో పోయాడు. అదే ఏడు మొదట్లో ఆ తవ్వకాల జట్టు నాయకుడు రిచర్డ్ లీకీ కూడా పోయాడు. పత్రికల్లో ఎవరికెంత చోటు దొరికిందో మీరే ఊహించుకోండి.

1470ని చూసింది న్గెనెయో అని బాబు గారు చెప్పారు. 1999లో సరస్సు పడమటి ఒడ్డున లొమెక్వీలో కెన్యాంత్రోపస్ అనే ఇంకో ప్రాచీన మానవ జాతి పుర్రెని చూసింది జస్టస్ ఎరుస్. అదే లొమెక్వీలో 33 లక్షల ఏళ్ల నాటి పనిముట్లు 2011లో దొరికినప్పుడు కూడా స్థానికుడైన సామీ లొకొరోడి కళ్లు సాయపడ్డాయి. ఫీల్డ్ స్కూల్‌కి వెళ్తే నేర్చుకోవలసింది వీళ్ల దగ్గర. నేను సర్వే చేసిన వరసలో నా పక్కన ఒక తుర్కానా పెద్దాయన నడిచేవాడు. నేను దాటొచ్చిన చోటే వంగి, చిటికెన వేలి గోరంత కోతి పన్ను తీసేవాడు. ఎలా చూశారని అడిగితే "మేకల్ని కాసేవాణ్ణి, నేల చూడటమే కదా పని" అన్నాడు. మాస్టారి లెక్చర్ నోట్సు ఇప్పుడు వెతికినా దొరకదు. ఆయన నడిచే పద్ధతి మాత్రం నేనిప్పటికీ అనుసరిస్తున్నాను: ఎండ ఎదురుగా ఉండేలా నడవడం, ఏరిన చోటే ఇంకో వైపు నుంచి మళ్లీ నడవడం, వాన పడ్డ మర్నాడు తప్పకుండా వెళ్లడం.

ఎముకలు ఎక్కడికీ పోవు. అన్నీ కెన్యా నేషనల్ మ్యూజియమ్స్‌వే. నంబర్లలో కేఎన్ఎం అని ఉండేది అందుకే. గులకరాయి కూడా జేబులో వేసుకోకూడదు, పట్టుబడితే తమాషా కాదు. ఇప్పుడు మా బ్యాచ్‌లో లాగా కెన్యా విద్యార్థులు కూడా పక్కనే చదువుతున్నారు. సమస్య తీరిందనను. పేపర్లలో ముందు పేర్లు ఎవరివో చూస్తే తెలుస్తుంది.

#21 · వాదన_వీరుడు
సరే, ఇది ఒప్పుకోదగ్గ జవాబు. డబ్బు గురించి నా మాట మాత్రం మార్చుకోను.

#22 · గోదారిగాలి
వీరుడు గారు సగం ఒప్పుకున్నారు. స్క్రీన్‌షాట్ తీశాను.

#23 · బేతంచెర్ల_బాబు
పిల్లా, వెళ్లేముందు ఒక ఆదివారం మా వైపు రా. బనగానపల్లె దాటాక జ్వాలాపురం ఉంది. జుర్రేరు లోయలో 74,000 ఏళ్ల క్రితం సుమత్రాలో టోబా అగ్నిపర్వతం పేలినప్పటి బూడిద అక్కడ రెండు మీటర్ల పైచిలుకు పేరుకుంది. పాత్రలు తోమే పొడికని జనం తవ్వుకుపోయిన గుంటల్లో తెల్లటి పొర గోడలా కనిపిస్తుంది. దానికి కిందా పైనా రాతి పనిముట్లు దొరికాయని 2007లో ప్రచురించారు. అంటే బూడిద పడకముందూ తర్వాతా అక్కడ మనుషులున్నారు. ఏ మనుషులన్నదాని మీద వాదన ఇంకా నడుస్తోంది. టఫ్ పొరకి కిందేది, పైనేది, వాగు కోసి మళ్లీ నింపిందేది అని చూడటం అక్కడే మొదలుపెడితే తుర్కానాలో మొదటి వారం తలనొప్పి ఉండదు. బొమ్మ గీయడం ప్రాక్టీసు చెయ్యి. ఫొటో తీస్తే చాలనుకుంటారు ఈ కాలం పిల్లలు. గీస్తేనే పొర కనిపిస్తుంది.

#24 · ఎర్రమట్టి
దీనికి ఓటు వేస్తున్నాను. అక్కడ ఫీల్డ్ నోటుబుక్కుకి మార్కులుంటాయి. పెన్సిలుతోనే రాయాలి. తేదీ, జీపీఎస్, ఏ పొర, ఎవరితో ఉన్నాం, ఏం చూశాం, ఏం చూడలేదు. "ఏం చూడలేదు" అనేది కూడా రాయాలి. ఖాళీగా తిరిగొచ్చిన గుట్టకి రేపు ఇంకొకరు వెళ్లకుండా ఉండటానికి.

ఇంకోటి, ఆశ ఎక్కువ పెట్టుకోకు. మనిషి శిలాజం నీ చేతికి దొరకడం దాదాపు జరగదు. మా బ్యాచ్‌లో ఎవరికీ దొరకలేదు, ఎవరూ బాధపడలేదు. ఒకాయనకి పూర్తి తాబేలు దొరికింది. సెమిస్టర్ అయ్యేదాకా తాబేలు అనే పిలిచాం. అదృష్టముంటే పాదముద్రలు చూపిస్తారు. తూర్పు ఒడ్డున ఇలెరెట్ దగ్గర 15 లక్షల ఏళ్ల నాటి అడుగులు దొరికాయని 2009లో వచ్చింది. కూబీ ఫోరాలో ఒకే బురదలో రెండు రకాల మానవ జాతుల అడుగులు ఉన్నాయని 2024 నవంబరులో ప్రచురించారు. ఒకటి హోమో ఎరెక్టస్‌దనీ, రెండోది పరాంత్రోపస్ బొయిసీదనీ వాళ్ల అంచనా. రెండూ కొన్ని గంటల తేడాతో, లేదా ఒకట్రెండు రోజుల్లో, ఒకే సరస్సు గట్టున నడిచాయన్నమాట.

#25 · సభానిర్వాహకుడు
ఈ థ్రెడ్‌ని విద్య విభాగంలో పైన అతికిస్తున్నాను. వీసా ఏజెంట్ల ప్రకటన ఒకటి తొలగించాను. ఆ సభ్యుడు మళ్లీ పెడితే ఖాతా పోతుంది.

#26 · పిడుగురాళ్ల_పిల్ల
అందరికీ మరీ మరీ థ్యాంక్స్. టీకా వచ్చే వారం వేయించుకుంటున్నాను. బాబు గారూ, నాన్నతో కలిసి జ్వాలాపురం వస్తాం, మీకు కుదిరే ఆదివారం చెప్పండి. నాలుగు ప్రశ్నలూ మెయిల్ చేశాను. రెండిటికి జవాబు వచ్చింది, పాత విద్యార్థి నంబరు కూడా ఇచ్చారు. చివరగా ఒక చిన్న సందేహం: అక్కడ చార్జర్ ప్లగ్ మనది పడుతుందా?

#27 · నైరోబీ_వదిన
పడదు. ఇంగ్లండ్‌లో వాడే మూడు పలక కాళ్ల ప్లగ్ ఇది. అడాప్టర్ హైదరాబాద్‌లోనే కొనుక్కో, విమానాశ్రయంలో రెట్టింపు రేటు. వోల్టేజి మనదే, దానికి టెన్షన్ వద్దు. క్యాంపులో సోలార్ కాబట్టి ఒక ప్లగ్గుకి పదిమంది క్యూ ఉంటారు. పవర్‌బ్యాంకు తెచ్చుకో, చేతి బ్యాగులోనే పెట్టు, పెద్ద సూట్‌కేసులో పెడితే తీయించేస్తారు.